తెరిచిన తేదీ

మూసిన తేదీలు మనందరికీ కంఠతా వచ్చు. 2020 మార్చి 22, ఆదివారం, జనతా కర్ఫ్యూ. 24వ తేదీ రాత్రి 8 గంటలకి ప్రధాని ప్రసంగం. 25న ఉగాది, దేశమంతా లాక్‌డౌన్‌లో మొదటి రోజు. ఆ రోజు మొదలైన సంవత్సరం పేరు శార్వరి. శార్వరి అంటే రాత్రి. అరవై ఏళ్ళకోసారి వంతు ప్రకారం వచ్చే పేరే అది, మన కోసం ఎవరూ ప్రత్యేకంగా పెట్టలేదు. అయినా పచ్చడిలోకి వేపపువ్వు దొరక్క సరిపెట్టుకున్న ఇళ్ళలో ఆ పేరు మీద చాలా చర్చే నడిచింది.

మరి విజయవాడ తిరిగి తెరుచుకున్నది ఏ తేదీన?

ఈ ప్రశ్న నాకు తెలిసిన పదిమందిని అడిగాను. ఒకాయన తడుముకోకుండా మే 4 అన్నాడు, మద్యం షాపులు తెరిచిన రోజు. మా అమ్మ దుర్గమ్మ గుడి తెరిచిన రోజు అంది. కాలేజీ స్నేహితుడొకడు హైదరాబాద్ బస్సులు మొదలైనప్పుడు అన్నాడు. ఇంకొకడికి సంక్రాంతికి థియేటర్లో ‘క్రాక్’ చూసిన రోజు. మా అపార్ట్‌మెంట్‌లో ఇళ్ళల్లో పనిచేసే ఆవిడ కాసేపు ఆలోచించి, "మా పాపకి బడి ఎప్పుడు తెరిచారండీ, అప్పుడే" అంది. మే 4కీ ఆ పాప బడికీ మధ్య దాదాపు తొమ్మిది నెలలు ఉన్నాయి. ఒకే ఊరు, ఒకే వ్యాధి. జవాబులు మాత్రం తొమ్మిది నెలల పొడుగునా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

మహమ్మారి మీద వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం మూత గురించే. నిర్మానుష్యమైన బెంజ్ సర్కిల్, ఖాళీ రైల్వే స్టేషను, చప్పట్లు, దీపాలు. ఫొటోకి బాగుంటాయి కూడా. తెరుచుకోవడం ఫొటోకి లొంగదు. నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా, ఒకరికి ముందు ఒకరికి వెనక జరుగుతుంది. అయితే ఒక సమాజం దేన్ని ముందు తెరిచింది, దేన్ని చివర్న తెరిచింది అన్న వరస చూస్తే ఆ సమాజం గురించి మూత కంటే ఎక్కువ తెలుస్తుందని నాకనిపిస్తోంది. ఈ వ్యాసం ఆ వరసని ఒకచోట పేర్చి చూసే ప్రయత్నం.

కాలువ వదలడం

కృష్ణా డెల్టా వాళ్ళకి మూయడం, తెరవడం కొత్త విషయాలు కావు. ఏటా ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. పూడిక తీస్తారు, లాకులు బాగుచేస్తారు, మళ్ళీ నీళ్ళు వదులుతారు. విజయవాడ నగరం మధ్యలోంచి వెళ్ళే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడూ ప్రకాశం బ్యారేజీ దగ్గర పుట్టినవే. 1850ల్లో కట్టిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన బ్యారేజీ, రెండు వైపులా కలిపి దాదాపు 13 లక్షల ఎకరాల ఆయకట్టు. మంత్రిగారో కలెక్టరుగారో పూజ చేసి, పసుపూ కుంకుమా వేసి, రెగ్యులేటరు గేటు ఎత్తుతారు. మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది: డెల్టాకి నీళ్ళు విడుదల.

కానీ నాగాయలంక, బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు రైతుని అడిగితే నీళ్ళు వచ్చిన తేదీ వేరే చెప్తాడు. గేటు ఎత్తిన దగ్గరివాళ్ళు నారుమళ్ళు పోసుకుంటూ ఉంటే శివారు భూముల వాళ్ళు కాలువ గట్టు మీద నిలబడి చూస్తుంటారు. మధ్యలో ఎన్నో తూములు, ఎన్నో ఇంజన్లు. వంతులు పెట్టినా చివరి వంతుకి ధార సన్నబడుతుంది. నీరు తక్కువైన ఏడాది మొదట ఎండేది కూడా ఆ చేలే.

2020లో మన ఊరు తెరుచుకున్న తీరు నాకు ఈ కాలువలాగే కనబడుతుంది. గేటు ఎత్తినవాళ్ళు ఒక తేదీ వేసుకున్నారు. నీళ్ళు ఎక్కడెక్కడ ఆగాయి, శివారుకి ఎప్పుడు చేరాయి అన్నది మనం రాసిపెట్టుకోలేదు.

వెర్షన్ నంబర్లు

కేంద్ర ప్రభుత్వం జూన్ 1 నుంచి ‘అన్‌లాక్ 1’ అంది. జూలైలో 2, ఆగస్టులో 3, సెప్టెంబరులో 4, అక్టోబరులో 5. సాఫ్ట్‌వేర్ ఉద్యోగిగా ఈ నంబర్లు చూసినప్పుడు నాకు నవ్వొచ్చేది. మా దగ్గర వెర్షన్ నంబరు పెరిగిందంటే పాత బగ్‌లు కొన్ని పోయాయని అర్థం. హోం శాఖ ఉత్తర్వులు అచ్చం రిలీజ్ నోట్స్‌లా ఉండేవి: ఈసారి రాత్రి కర్ఫ్యూ తీసేశాం, జిమ్‌లు చేర్చాం, మెట్రో చేర్చాం.

కేసుల లెక్క ఎదురు దిశలో నడిచింది. మార్చి 25న మొత్తం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న కేసులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఏప్రిల్లో కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు స్నేహితులతో పేకాడినందుకూ, కార్మికనగర్‌లో ఇంకో డ్రైవరు వల్లా, రెండు చోట్లా కలిపి దాదాపు 40 మందికి వైరస్ సోకిందని జిల్లా యంత్రాంగం ప్రకటిస్తే అది జాతీయ వార్త అయింది. నలభై కేసులకి దేశం ఉలిక్కిపడింది. జూలై చివరి వారానికి రాష్ట్రంలో కేసులు లక్ష దాటాయి. సెప్టెంబరు మొదటి వారం ముగిసేసరికి 5 లక్షలు. రోజుకి పదివేల చొప్పున వస్తున్న ఆ నెలల్లో మనం మాస్కు గడ్డం కిందికి లాక్కుని టీ తాగుతున్నాం. భయం ఎక్కువగా ఉన్న కాలం ఒకటి, ప్రమాదం ఎక్కువగా ఉన్న కాలం ఇంకొకటి.

దీన్ని జనం నిర్లక్ష్యం అని కొట్టిపారేయడం తేలిక. దగ్గరగా చూస్తే వేరే కనిపిస్తుంది. జూన్ 23న కృష్ణా జిల్లా యంత్రాంగం విజయవాడలో 26 నుంచి వారం రోజుల పూర్తి లాక్‌డౌన్ అని ప్రకటించింది. సరుకుల కోసం జనం బయల్దేరేలోపే, ఆ రాత్రికే, ఆ ప్రకటన వెనక్కి పోయింది. రోల్‌బ్యాక్ చేయబోయి ఆ రోల్‌బ్యాక్‌నే రోల్‌బ్యాక్ చేశారన్నమాట. ఆ ఒక్క రోజు చూస్తే విషయం అర్థమవుతుంది. ఊరిని మళ్ళీ మూసే ఆర్థిక శక్తి ప్రభుత్వానికీ లేదు, ఊరికీ లేదు. ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే షెడ్లు, వస్త్రలత బట్టల దుకాణాలు, బీసెంట్ రోడ్డు తోపుడు బళ్ళు, ఇవన్నీ మూడు నెలల అద్దె బాకీతో ఉన్నాయి. వ్యాధి తగ్గిందని తెరవలేదు. ఇంక మూసి ఉంచలేక తెరిచాం.

చట్టం చూసినా ఇదే లోటు. రాష్ట్రం మార్చిలో నిబంధనలు తెచ్చింది 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద. బొంబాయి ప్లేగు కాలంలో హడావుడిగా చేసిన నాలుగు సెక్షన్ల చట్టం అది. ఆపడానికి, తనిఖీ చేయడానికి, శిక్షించడానికి అధికారం ఇస్తుంది. ఎలా విరమించాలో, ఎవరిని ముందు తలుచుకోవాలో చెప్పే మాట అందులో ఒక్కటీ లేదు.

వరస

ఇప్పుడు వరస చూద్దాం.

నిజానికి కొన్ని అసలు మూయలేదు. ఏప్రిల్ అంటే డెల్టాలో దాళ్వా కోతలు. ఊరి పొలిమేరల్లో ముళ్ళకంపలు అడ్డం వేసి బయటివాళ్ళని రానివ్వని ఊళ్ళు కూడా కోత మిషను వస్తుందంటే దారి ఇచ్చాయి. కైకలూరు నుంచి బెంగాల్‌కీ అస్సాంకీ వెళ్ళే చేపల లారీలు కొన్నాళ్ళు తడబడి మళ్ళీ కదిలాయి. నున్న మామిడి మార్కెట్టు, పండు ఆగదు కాబట్టి, అరకొరగానైనా నడిచింది. విజయవాడలో కూరగాయలు రైతుబజార్ల ఇరుకులోంచి స్టేడియాల్లోకి, బడి మైదానాల్లోకి వచ్చాయి. ఇందిరాగాంధీ స్టేడియంలో సున్నపు ముగ్గుల మధ్య నిలబడి వంకాయలు కొన్న జ్ఞాపకం ఈ ఊళ్ళో చాలామందికి ఉంటుంది. తిండి ఆగలేదు. దాన్ని పండించి, కోసి, మోసినవాళ్ళకి లాక్‌డౌన్ అన్నది అసలు వర్తించనే లేదు.

మే 1 నుంచి వలస కూలీల కోసం శ్రామిక్ రైళ్ళు. అప్పటికే చెన్నై నుంచి కలకత్తా వెళ్ళే జాతీయ రహదారి మీద, కనకదుర్గ వారధి దాటుకుంటూ, వేలమంది నడిచి పోతున్నారు. ఒడిశా, బీహారు, జార్ఖండు. వాళ్ళకి తెరవడం అంటే ఇల్లు చేరడానికి అనుమతి, అంతే. ఈ డెల్టా అంచున అమరావతిలో, హైదరాబాదులో, చెన్నైలో భవనాలు కట్టిన చేతులు అవి. మనం తలుపు సందులోంచి చూసిన మే నెల అది.

మే 4న మద్యం షాపులు. ధర మొదటి రోజు 25 శాతం పెంచారు, మర్నాడు ఇంకో 50 శాతం. తాగుడు తగ్గించడానికే అని ప్రభుత్వం చెప్పింది. ఖజానా సంగతి చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. మండుటెండలో కిలోమీటరు పొడుగు క్యూలు, వాటిని అదుపు చేయడానికి పోలీసులు. కొన్నిచోట్ల ఆ డ్యూటీ బడి టీచర్లకి కూడా పడింది. మద్యం షాపు ముందు నిలబడ్డ ఆ టీచరు తన బడి తలుపు తీయడానికి ఇంకా చాలా నెలలుంది.

మే 21న ఆర్టీసీ బస్సులు, జిల్లాల మధ్య, సీట్లు తగ్గించి. అయితే విజయవాడ, విశాఖపట్నం సిటీ బస్సులకి మినహాయింపు. మే చివర్లో గన్నవరం నుంచి విమానాలు. జూన్ రెండో వారంలో ఇంద్రకీలాద్రి మీద దర్శనాలు: తీర్థం లేదు, శఠారి లేదు, దూరం నుంచి దణ్ణం పెట్టుకుని కదలాలి. అంటే జూన్ మధ్యకి విజయవాడ నుంచి విమానంలో వెళ్ళొచ్చు, బస్సులో రాజమండ్రి వెళ్ళొచ్చు, కొండెక్కి అమ్మవారిని చూడొచ్చు. అజిత్‌సింగ్ నగర్ నుంచి పటమటకి మాత్రం సిటీ బస్సులో వెళ్ళడానికి లేదు. మా అపార్ట్‌మెంట్‌కి పనికి వచ్చే ఆవిడ ఆ నాలుగు నెలలూ షేర్ ఆటో దొరికిన రోజు ఆటోలో, దొరకని రోజు నడిచి వచ్చింది. ఆటోలో ముగ్గురికి మించి ఎక్కనివ్వని రోజుల్లో ఛార్జీ రెట్టింపు. సిటీ బస్సులు సెప్టెంబరు మూడో వారంలో తిరిగి రోడ్డెక్కాయి, అదీ ప్రయోగాత్మకంగా, సచివాలయ ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్ళ పుణ్యమా అని.

ఈ మధ్యలోనే, ఆగస్టు 9 తెల్లవారుజామున, కోవిడ్ కేంద్రంగా మార్చిన స్వర్ణ ప్యాలెస్ హోటల్లో మంటలు చెలరేగి 10 మంది చనిపోయారు. ఊపిరి కోసం అక్కడ చేరినవాళ్ళు పొగకి పోయారు. ఆస్పత్రుల్లో మంచాలు చాలక హోటళ్ళని ఆస్పత్రులు చేసిన కాలం అని ఆ వార్త మనకి గుర్తు చేస్తుంది. అదే వారం జిమ్‌లు తెరిచారు.

దసరా అక్టోబరు 17న మొదలైంది. ముందు రోజే, ఏళ్ళ తరబడి సాగిన కనకదుర్గ ఫ్లైఓవర్ని నితిన్ గడ్కరీ, ముఖ్యమంత్రి జగన్ వీడియోలో ప్రారంభించారు. కొండ కింద అంత పెద్ద వంతెన, రిబ్బను కత్తిరించే చెయ్యి మాత్రం తెర మీద. దర్శనాలు రోజుకి పదివేలకి కుదించారు, టికెట్లు ఆన్‌లైన్లో. మూలా నక్షత్రం రోజు, 21న, ముఖ్యమంత్రి రావడానికి కాసేపటి ముందు కొండచరియలు విరిగిపడ్డాయి. కృష్ణలో వరద తగ్గక తెప్పోత్సవానికి హంస వాహనం నదిలో తిరగలేదు, పూజ ఒడ్డునే చేశారు. వైరస్ కోసం కొంత, నది కోసం కొంత ఆగిన పండగ. ఆ ఏడాది మనుషుల తేదీలని ప్రకృతి కూడా పెద్దగా లెక్కచేయలేదు.

తిరిగి వచ్చింది అదే కాదు

హైదరాబాద్ బస్సు సంగతి వేరేగా చెప్పాలి. విజయవాడ కుర్రాళ్ళలో సగం మంది జీవితం ఆ దారి మీదే నడుస్తుంది కాబట్టి.

మార్చి 25న హైదరాబాదులో హాస్టళ్ళు ఖాళీ చేయమన్నప్పుడు అమీర్‌పేట, ఎస్సార్ నగర్ కుర్రకారు పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరి, అనుమతి కాగితాలు పట్టుకుని బయల్దేరారు. జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో వాళ్ళని ఆపేశారు. తెలంగాణ ఇచ్చిన కాగితం ఆంధ్రలో చెల్లలేదు. 2014 జూన్ 2 నుంచీ అక్కడ సరిహద్దు ఉందని అందరికీ తెలుసు. అది ఒంటికి తగలడం మాత్రం చాలామందికి ఆ రాత్రే.

కేంద్రం జూన్ నుంచే రాష్ట్రాల మధ్య రాకపోకలకి అడ్డులేదంది. బస్సులు మాత్రం కదల్లేదు. ఎందుకంటే రెండు ఆర్టీసీలూ ఈ విరామంలో లెక్కలు తీశాయి. విభజన తర్వాత కూడా పాత అలవాటు ప్రకారం ఆంధ్ర బస్సులు తెలంగాణలో రోజుకి దాదాపు 2.65 లక్షల కిలోమీటర్లు తిరిగేవి. తెలంగాణ బస్సులు ఆంధ్రలో తిరిగింది దాదాపు 1.52 లక్షలు. సమానంగా ఉండాలని తెలంగాణ పట్టుబట్టింది. దసరాకి కూడా తేలక, ఆంధ్ర బస్సులు గరికపాడు దాకా, అక్కణ్ణుంచి అవతలి బస్సులు. పిల్లల్ని చంకనేసుకుని, సూట్‌కేసులు లాక్కుంటూ జనం ఒక రాష్ట్రంలో దిగి ఇంకో రాష్ట్రంలో ఎక్కారు. నవంబరు 2న ఒప్పందం మీద సంతకాలయ్యాయి: రెండు వైపులా దాదాపు 1.6 లక్షల కిలోమీటర్లు. ఆంధ్ర ఆర్టీసీ లక్ష కిలోమీటర్ల పైచిలుకు వదులుకుంది.

తెలంగాణ వాదనలో న్యాయం ఉంది. నా పాయింటు అది కాదు. ఏడు నెలలు ఆగిన బస్సు మళ్ళీ మొదలైంది అని మనం అనుకున్నాం. మొదలైంది వేరే బస్సు. ఆరేళ్ళుగా ఎవరూ కదిలించలేని లెక్కని మూత కదిలించింది. మద్యం ధర, గుడి క్యూ, ఆఫీసు, అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. నేను మార్చిలో వదిలొచ్చిన మాదాపూర్ డెస్క్ మీద నా టీ కప్పు ఉంది. నేను తిరిగి వెళ్ళేసరికి ఆ అంతస్తే కంపెనీది కాదు. మూసినవి యథాతథంగా తెరుచుకుంటాయన్న నమ్మకంతోనే మనం ఆ నెలలు గడిపాం. తెరిచేటప్పుడు ప్రతి చోటా బేరం జరిగింది. బేరమాడే బలం ఉన్నవాళ్ళు తమ షరతుల మీద తిరిగొచ్చారు. సినిమా హాళ్ళు చూడండి: అక్టోబరు 15 నుంచి సగం సీట్లతో అనుమతి ఉన్నా, కరెంటు ఫిక్స్‌డ్ ఛార్జీలు మాఫీ చేయందే తెరవలేమని చాలా హాళ్ళు ఆగాయి. డిసెంబరులో ప్రభుత్వం రాయితీ ప్రకటించింది. డిసెంబరు 25న ‘సోలో బ్రతుకే సో బెటర్’తో హాళ్ళు వెలిగాయి.

నూరేళ్ళ కింద బెజవాడ

ఇదంతా రాసిపెట్టకపోతే ఏమవుతుంది? 1918కి ఏమయిందో చూస్తే తెలుస్తుంది.

ఇన్‌ఫ్లూయెంజా 1918 జూన్‌లో బొంబాయి రేవులో దిగింది. సెప్టెంబరు నుంచి రెండో అల రైలు పట్టాల వెంట దేశమంతా పాకింది. ఆ ఏడాది వానలు లేవు, యుద్ధకాలపు ధరలు, సెప్టెంబరులో మద్రాసులో ధాన్యం కొట్ల లూటీలు. దేశం మొత్తం మీద తక్కువలో తక్కువ కోటీ ఇరవై లక్షల మంది పోయారని అంచనా. కోటీ ఎనభై లక్షలన్న చరిత్రకారులూ ఉన్నారు. బొంబాయి, మధ్య పరగణాలతో పోలిస్తే మద్రాసు ప్రెసిడెన్సీకి దెబ్బ తక్కువే, అయినా చిన్నదేం కాదు. 1921 జనాభా లెక్కల్లో భారతదేశపు జనాభా పదేళ్ళ కిందటి కంటే తగ్గింది. లెక్కలు మొదలయ్యాక అలా తగ్గిన దశాబ్దం అదొక్కటే.

1893లో కృష్ణ మీద రైలు వంతెన కట్టాక బెజవాడ మద్రాసు-కలకత్తా దారిలో పెద్ద జంక్షను. పట్టాల వెంట వచ్చే జబ్బుకి అంతకంటే అనువైన మజిలీ ఈ తీరంలో ఎక్కడుంది? అయినా బెజవాడ చరిత్ర చెప్పేవాళ్ళు 1893 వంతెన అంటారు, 1921 మార్చి 31న మొదలై గాంధీ వచ్చిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం అంటారు, పింగళి వెంకయ్య జెండా అంటారు, అదే ఏడాది పెట్టిన మారుతీ సినిమా హాలు అంటారు, 1957 బ్యారేజీ అంటారు. 1918 చెప్పరు. గాంధీని చూడ్డానికి గుమిగూడిన జనంలో, మారుతీ హాల్లో మూకీ బొమ్మలు చూసిన జనంలో, రెండున్నరేళ్ళ కింద ఇంట్లో ఎవరినో కోల్పోయినవాళ్ళు ఎంతమందో. వాళ్ళు ఎలా కోలుకున్నారు, సంతలు ఎప్పుడు నిండాయి, బడికి పిల్లలు ఎప్పుడొచ్చారు? ఈ ప్రశ్నలకి మన ఊరి కథలో చోటే లేదు.

ఇది మన ఒక్కరి మతిమరుపు కాదు. అమెరికన్ చరిత్రకారుడు ఆల్ఫ్రెడ్ క్రాస్బీ తన పుస్తకానికి ‘అమెరికా మరిచిపోయిన మహమ్మారి’ అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు. హిందీలో నిరాలా ‘కుల్లీ భాట్’లో, ఆ జబ్బులో పోయిన భార్యని, శవాలతో నిండిన గంగని తలుచుకున్నాడు. అహ్మద్ అలీ నవల ‘ట్విలైట్ ఇన్ ఢిల్లీ’లో ఇన్‌ఫ్లూయెంజా ఊరంతా తిరుగుతుంది. అంటే సాహిత్యం కొన్ని చోట్ల పట్టుకుంది. అయితే వాళ్ళు పట్టుకున్నది కూడా చావునే. తర్వాతి నెలల్ని ఎవరు పట్టుకున్నారు?

డెల్టాకి జ్ఞాపకశక్తి లేదనడం అన్యాయం. 1864 నవంబరు 1 బందరు తుపాను, ముప్పై వేల మంది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన. ఈ తేదీలు దివిసీమలో చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఉప్పెనకి స్తూపం ఉంది, నీరు ఇక్కడిదాకా వచ్చిందని గోడ మీద చూపించే చెయ్యి ఉంది. మహమ్మారి గోడ మీద మరక వదలదు. ఎక్కడిదాకా వచ్చిందో, ఎప్పుడు తీసిందో చూపించడానికి గీత లేదు. ఆ గీత కాగితం మీద మనమే గీసుకోవాలి.

శివారు

అందుకే ఆ పాప బడి దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఆంధ్రప్రదేశ్‌లో బడులు 2020 మార్చి 19న మూశారు. జూన్ 20న పదో తరగతి పరీక్షలు రద్దు చేశారు. ప్రైవేటు బడుల పిల్లలు జూమ్‌లోకి వెళ్ళారు. ప్రభుత్వ బడుల పిల్లలకి దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యావారధి’ పాఠాలు. టీవీ ఉంటే, కరెంటు ఉంటే, ఆ వేళకి ఎవరైనా ఛానెల్ పెడితే. నవంబరు 2న 9, 10 తరగతులు తెరిచారు. నవంబరు చివర్లో 8. డిసెంబరులో 7. ఒకటి నుంచి అయిదు దాకా, అంటే అక్షరాలు దిద్దుకునే పిల్లలకి, 2021 ఫిబ్రవరి 1న.

మద్యం షాపులు తెరిచిన రోజు నుంచి లెక్కేస్తే 273 రోజులు. బడి మూసిన రోజు నుంచి 319.

పెద్ద పిల్లల్ని ముందు పిలవడానికి కారణం ఉంది: బోర్డు పరీక్షలు. చిన్నపిల్లలకి ఏమవుతుందోనన్న తల్లిదండ్రుల భయమూ అబద్ధం కాదు. నవంబరులో బడులు తెరిచిన మొదటి రోజుల్లో టీచర్లకీ పిల్లలకీ పాజిటివ్ వచ్చిందన్న వార్తలు ఆ భయాన్ని పెంచాయి. కానీ ఈ వరస ప్రకృతి నిర్ణయించింది కాదు. డెన్మార్క్ 2020 ఏప్రిల్ 15నే బడులు తెరవడం మొదలుపెట్టింది, అదీ అందరికంటే చిన్న తరగతులతో. బార్లు, సినిమా హాళ్ళు తర్వాత. ఇల్లు వదిలి పనికి వెళ్ళాల్సిన తల్లిదండ్రులకి ముందుగా కావలసింది చిన్నపిల్లల బడే అన్నది వాళ్ళ లెక్క. మన దగ్గర తరగతి గది ఇరుకు, టీచర్లు తక్కువ, నిజమే. ఆ ఇరుకు తగ్గించడానికి ఆ పదిన్నర నెలల్లో స్టేడియాలు, ఫంక్షన్ హాళ్ళు మనకి గుర్తు రాలేదు. కూరగాయలకి మాత్రం గుర్తొచ్చాయి.

తర్వాతిది ఇంకా అన్యాయం. 2021 ఏప్రిల్ 13న ఉగాది, ప్లవ నామ సంవత్సరం. ప్లవ అంటే తెప్ప, పడవ. రాత్రి గడిచింది, పడవ వచ్చింది, ఒడ్డు చేరతాం అని ఆ ఏడాది వాట్సాప్ అంతా అదే. వారం తిరిగేసరికి రెండో అల ముంచేసింది. ఏప్రిల్ 20 నుంచి ఒకటి నుంచి తొమ్మిది తరగతులకి సెలవులు. చిన్నపిల్లలకి దొరికిన బడి మొత్తం 78 రోజులు, ఆదివారాలతో కలిపి. మళ్ళీ బళ్ళు తెరిచింది ఆగస్టు 16న. శివారు చేను కథ ఇదే: నీళ్ళు చివర్న వస్తాయి, మొదట ఆగిపోతాయి.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు 2020 జూన్‌లో ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్ల. ఒకటో తరగతి ఆ పాప దాదాపు చూడలేదు. రెండో తరగతిలో ఒకటో తరగతి వాచకం చదివింది. ఆ పాప వయసు పిల్లలు 2025లో ఆరో తరగతికి వచ్చారు. కృష్ణా, గుంటూరు జిల్లాల హైస్కూళ్ళలో ఇప్పుడు వాళ్ళకి పాఠం చెప్తున్న టీచర్లని ఒకసారి అడగండి, ఈ బ్యాచ్‌లో ఏమైనా తేడా ఉందా అని. ఎందుకుందో వాళ్ళు చెప్పగలరో లేదో. విజయవాడ ఎప్పుడు తెరుచుకుందో ఎవరైనా రాయబోతే, మొదటి ప్రశ్న ఆ తరగతి గదిలో అడగడం మంచిది.